ఒకే కోను, రెండు ల్యాబులు: 40ల నూలు మీద తేమ పెట్టిన తగువు

నేపథ్యం

ఈ కేసు పల్నాడు ప్రాంతంలోని ఒక స్పిన్నింగ్ మిల్లుది. మిల్లు పేరు, నూలు కొన్నవారి పేరు, ఏ ఏడాది జరిగిందో చెప్పను. ఎవరూ గుర్తుపట్టకుండా అంకెల్ని కూడా కొద్దిగా జరిపాను. వాటి మధ్య తేడాలు, లెక్కల పొందిక మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. నూలు క్వాలిటీ మీద అమ్మేవారికీ కొనేవారికీ మాట తేడా వచ్చినప్పుడు వెళ్లి, టెస్టింగ్ వైపు నుంచి చూసిపెట్టడం నా పని.

మిల్లు 40ల కోంబ్డ్ (దువ్వి పొట్టి పీచు తీసేసిన) హోజరీ నూలు తీస్తుంది. అది తిరుప్పూరులోని ఒక నిట్టింగ్ యూనిట్‌కు వెళ్తుంది. ఒప్పందంలో రెండు ముఖ్యమైన షరతులున్నాయి: సీఎస్‌పీ 2550కి తగ్గకూడదు, బిల్లు 8.5 శాతం రీగెయిన్ లెక్కన వేయాలి.

మిల్లు పని తెలియనివారి కోసం రెండు ముక్కలు. 120 గజాల నూలును రీలు మీద చుట్టగా చుడితే దాన్ని లీ అంటాం. లీని తూచి కౌంట్ లెక్కగడతాం, మిషను మీద లాగి తెంపి బలం ఎన్ని పౌండ్లో చూస్తాం. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేదే సీఎస్‌పీ. కౌంట్ పెరిగిందంటే నూలు సన్నబడిందని, అంటే అదే పొడవుకు బరువు తగ్గిందని అర్థం. 40ల నూలంటే కౌంట్ 40 ఉన్నది. ఇక రీగెయిన్ అంటే, పూర్తిగా ఎండిన పత్తి బరువులో నీరు ఎంత శాతం ఉందన్నది. 100 గ్రాముల ఎండు పత్తి 8.5 గ్రాముల నీరు పట్టుకుంటే రీగెయిన్ 8.5. వ్యాపారంలో పత్తి నూలుకు ఒప్పుకున్న అంకె ఇదే.

వచ్చిన సమస్య

ఏప్రిల్‌లో పంపిన ఒక లాట్ మీద కంప్లయింట్ వచ్చింది. మిల్లు ల్యాబ్ రిపోర్టులో కౌంట్ 39.9, లీ బలం 66.5 పౌండ్లు, సీఎస్‌పీ 2653. కొన్నవారి ల్యాబ్‌లో కౌంట్ 40.8, బలం 61.0, సీఎస్‌పీ 2489. పైగా 10 టన్నుల లోడు అక్కడి కాటా మీద సుమారు 64 కేజీలు తక్కువ తూగింది. కొన్నవారు డిస్కౌంట్ అడిగారు, ఇవ్వకపోతే లాట్ వెనక్కి పంపుతామన్నారు.

మిల్లువారి బాధ నాకు అర్థమైంది. సొంత ల్యాబ్‌లో కనీస అంకె కన్నా 100 పాయింట్లు పైన ఉన్న సరుకు, అవతలి ల్యాబ్‌లో 60 పాయింట్లు కింద పడింది. అవతలివారు ధర తగ్గించుకోవడానికి అంకెలు వేస్తున్నారని ఇక్కడ అనుమానం. మంచి కోన్లు (నూలు చుట్టిన శంకువులు) టెస్టు చేసుకుని మామూలువి లారీ ఎక్కించారని అక్కడ అనుమానం. ఇలాంటి తగువుల్లో మాట ఇంతవరకు వచ్చిందంటే, ఆ తర్వాత ఎవరు ఏ రిపోర్టు చూపించినా రెండోవారు నమ్మరు.

నేను వెళ్లేలోపు చేసినవి

పిలుపు వచ్చేసరికే మిల్లులో చాలా ప్రయత్నాలు జరిగాయి. ఒక్కో ప్రయత్నం వెనుక ఒక ఆలోచన ఉంది కాబట్టి వాటిని వివరంగా రాస్తున్నాను.

మొదటి అనుమానం పత్తి మీదకు పోయింది. మిక్సింగ్‌లో, అంటే వడకడానికి కలిపే పత్తిలో, కొన్ని బేళ్లు మార్చారు. సొంత ల్యాబ్‌లో అంకె కాస్త పెరిగింది, అవతలి ల్యాబ్‌లోనూ అంతే పెరిగింది. రెండింటి మధ్య దూరం తగ్గలేదు. కారణం పత్తే అయితే రెండు ల్యాబులూ ఒకేలా బాగోలేదని చెప్పాలి కదా. ఒకే సరుకు మీద రెండు ల్యాబులు వేరువేరుగా మాట్లాడుతున్నప్పుడు సరుకును మార్చి లాభం లేదు. ఈ సంగతి అప్పటికే అంకెల్లో కనిపిస్తోంది. లారీలు ఆగిపోయిన టెన్షన్‌లో దాని మీద ఎవరికీ చూపు నిలవలేదు.

తర్వాత ట్విస్ట్, అంటే నూలుకు వేసే మెలిక, పెంచారు. మెలిక బిగువును చెప్పే ట్విస్ట్ మల్టిప్లయర్ అనే అంకెను 3.6 నుంచి 3.8కి జరిపారు, అంటే అంగుళానికి 22.8 మెలికల నుంచి 24కి. బలం పెరిగి కొన్నవారి ల్యాబ్‌లో కూడా లాట్ దాదాపు పాసయింది. కానీ నూలు వడికే రింగ్ ఫ్రేమ్ ప్రొడక్షన్ 5 శాతం పడిపోయింది. నూలు గరుకుబారింది, మెలికలు పడి నిట్టింగ్ మిషన్ల మీద తెగడం మొదలైంది. ఆ నూలుతో అల్లిన సింగిల్ జెర్సీ బట్ట ఉతికాక పక్కకు తిరుగుతోందని కొత్త కంప్లయింట్ వచ్చింది. బనియన్ నూలుకు మెత్తదనమే ప్రాణం. కాగితం మీది అంకె కోసం దాన్ని వదులుకోవడం నాకైతే ఈ కేసులో అన్నిటికన్నా ఖరీదైన అడుగుగా కనిపించింది.

బలం కొలిచే మిషనును బయటివారిని పిలిపించి బరువులు వేలాడదీసి క్యాలిబ్రేట్ చేయించారు. మిషను సరిగ్గానే ఉంది. చేయవలసిన పనే చేశారు, అనుమానాల జాబితాలోంచి ఒకటి తగ్గింది.

చివరిగా బరువు తగ్గుదలకు విరుగుడుగా కోన్లకు ఆవిరి ఎక్కువసేపు పట్టించారు. కండిషనింగ్ ప్లాంట్‌లో కోన్లను పెట్టి, గాలి లాగేసి, తక్కువ వేడి ఆవిరి వదులుతారు. ఒకటి రెండు శాతం తేమ లోపలిదాకా ఎక్కుతుంది, మెలిక కుదురుకుంటుంది. ఆవిరి సమయం పెంచి, కోన్లు చల్లారకముందే పాలిథిన్ కవర్లలో వేసి సీలు చేశారు. వెచ్చటి కోను నుంచి లేచిన ఆవిరి రాత్రి చల్లబడి కవరు లోపలి వైపు చెమటలా పట్టింది. తిరుప్పూరులో పెట్టెలు తెరిస్తే పై పొరల మీద తడి మరకలు, కొన్నిటికి బూజు వాసన. బరువు తగ్గిందన్న మాట పోయి, మరకల మాట వచ్చింది.

విడదీసి చూడటం

నేను మొదట వేసుకున్న ప్రశ్న ఒక్కటే: తేడా నూలులో ఉందా, దారిలో వచ్చిందా, ల్యాబుల్లో ఉందా? గొడవ పడిన లాట్ తాలూకు కోన్లు రెండు వైపులా దాచి ఉంచారు. ట్విస్ట్ మార్చకముందు తీసినవి కాబట్టి అవే అసలైన సాక్ష్యం. మిల్లులో ఉన్న కోన్లు కొన్ని తిరుప్పూరు పంపించి, అక్కడున్నవి కొన్ని వెనక్కి తెప్పించాను. ఎవరి కోన్లు ఎవరు టెస్టు చేసినా మిల్లు ల్యాబ్‌లో 2650 దగ్గర, అక్కడ 2490 దగ్గర. మంచి కోన్లు ఏరుకున్నారన్న అనుమానం దీంతో పోయింది, ఇద్దరి మధ్య మాటలు మళ్లీ మొదలయ్యాయి. తేడా ల్యాబుల్లోనే ఉంది.

ల్యాబ్ అంటే మిషను, మనిషి, గది. ఈ మూడింటినీ విడదీయాలి. దీనికి పాలిస్టర్ నూలు పనికొస్తుందని అనిపించింది. పాలిస్టర్ తేమను దాదాపు పట్టుకోదు, రీగెయిన్ 0.4 శాతం మాత్రమే. గది పొడిగా ఉన్నా తడిగా ఉన్నా దాని బరువు, బలం పెద్దగా మారవు. మిషనులోనో, లీ చుట్టే చేతిలోనో తప్పుంటే పాలిస్టర్ మీద కూడా తేడా కనిపించాలి. తప్పు గదిలో ఉంటే పత్తి మీదే కనిపించాలి. ఒకే పెట్టెలోంచి తీసిన పాలిస్టర్ కోన్లు రెండు చోట్లా టెస్టు చేయిస్తే అంకెలు ఒక శాతం లోపు తేడాతో కలిశాయి. ఖర్చు లేని టెస్టు ఇది, ఈ కేసులో దారి తిప్పింది ఇదే. మిషన్లు, మనుషులు ఇద్దరివీ బాగున్నాయి. మిగిలింది గదిలోని గాలి.

ఇక్కడ తేమ గురించి కొంత చెప్పక తప్పదు. సాపేక్ష ఆర్ద్రత, మిల్లు భాషలో ఆర్‌హెచ్, గాలిలో ఎంత నీరుందో నేరుగా చెప్పదు. ఆ వేడిలో గాలి పట్టగలిగిన ఆవిరిలో ఎన్నో వంతు ఉందో చెబుతుంది. 27 డిగ్రీల దగ్గర 65 శాతం ఉన్న గాలిని ఒక్క చుక్క నీరు తీయకుండా 40 డిగ్రీలకు వేడిచేస్తే ఆర్‌హెచ్ 31కి పడిపోతుంది. పత్తి చూసేది ఈ శాతాన్నే. చుట్టూ ఉన్న ఆర్‌హెచ్‌ను బట్టి నీటిని తీసుకుంటుంది, వదులుతుంది. సెల్యులోజ్ గొలుసుల మధ్య వదులుగా ఉన్న చోట్లలోకి నీరు చేరినప్పుడు, బిగుసుకున్న చోట్లు సడలి లాగుడు బరువు అన్నిటి మీదా సమంగా పడుతుంది. అందుకే తేమ పట్టిన పత్తి గట్టిగా ఉంటుంది, ఎండితే పెళుసవుతుంది. విస్కోస్ దీనికి పూర్తిగా ఎదురు, తడిస్తే దాని బలం సగానికి దగ్గరగా పడిపోతుంది. తేమ ఎక్కువైతే దారం బలహీనపడుతుందని అందరికీ ఒకే సూత్రం చెప్పేవాళ్లుంటారు. అది ఏ పీచో అడగకుండా ఆ మాట ఒప్పుకోకూడదు.

అందుకే టెస్టు గదికి ప్రమాణాలు పెట్టారు. అంతర్జాతీయ ప్రమాణం 20 డిగ్రీలు, 65 శాతం. మనలాంటి వేడి దేశాలకు భారత ప్రమాణం 27 డిగ్రీలు, 65 శాతం. ఉష్ణోగ్రతలో రెండు డిగ్రీల తేడా పత్తి ఓర్చుకుంటుంది, ఆర్‌హెచ్‌లో పది పాయింట్ల తేడా ఓర్చుకోదు.

ఓవెన్ చెప్పిన సంగతి

ఇప్పుడు నాకు కావలసింది, తెంపే క్షణంలో ప్రతి లీలో నీరు ఎంత ఉందన్నది. రెండు ల్యాబుల్లోనూ ఒకే పని చేయించాను. లీని తూచి, తెంపి, తెగిన ముక్కలన్నీ పోగుచేసి 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గనంత వరకు ఎండబెట్టడం.

40ల లీ బరువు 1.62 గ్రాములు. అది ఎండితే 1.493. ఇంత చిన్న బరువులో తేమ కొలవాలంటే చేయి తిరిగి ఉండాలి. మిల్లు ల్యాబ్‌లో టెస్టింగ్ చూసే అమ్మాయి మొదటి లీని ఓవెన్‌లోంచి తీసి నేరుగా కాటా మీద పెట్టింది. అంకె 1.494 చూపింది, వెంటనే 1.497, 1.501, 1.506. "సార్, ఇది ఆగట్లేదండీ, పెరుగుతూనే ఉంది" అంది. ఎముకలా ఎండిన పత్తి గదిలో తేమను ఎంత ఆత్రంగా లాక్కుంటుందో ఆ కాటా మీద కళ్లారా చూడొచ్చు. "అది నూలు నీళ్లు తాగడమేనమ్మా" అన్నాను. మూత ఉన్న తూకం సీసాలు తెప్పించి, ఓవెన్‌లోనే మూత పెట్టి, డెసికేటర్‌లో (లోపలి గాలిని పొడిగా ఉంచే మూత పాత్రలో) చల్లార్చి తూచాక అంకె నిలబడింది. ఆ తర్వాత ఆ అమ్మాయికి ఎవరూ మళ్లీ చెప్పనక్కర్లేకపోయింది.

లెక్క తేలింది. మిల్లు ల్యాబ్‌లో తెంపేటప్పుడు నూలు రీగెయిన్ 8.8. కొన్నవారి ల్యాబ్‌లో 6.3. రెండు కౌంట్లనూ 8.5 శాతానికి మార్చి చూస్తే మిల్లుది 40.0, అవతలివారిది కూడా 40.0. ఒక లీకి 37 మిల్లీగ్రాముల నీరు ఎక్కువ తక్కువ కావడమే 39.9కీ 40.8కీ మధ్య తేడా. నూలు ఒప్పందం ప్రకారం సరిగ్గా 40లే. కౌంట్ తగువు ఆ మధ్యాహ్నమే ముగిసింది.

ఇక్కడ సీఎస్‌పీ మీద నాకో అభ్యంతరం ఉంది. నూలు ఎండితే బలం తగ్గుతుంది, కౌంట్ పెరుగుతుంది. రెండింటినీ గుణించేసరికి తప్పులో కొంత భాగం కనిపించకుండా పోతుంది. ఈ లాట్‌లో రెండు ల్యాబుల మధ్య బలం తేడా 8 శాతానికి పైగా ఉంటే సీఎస్‌పీలో 6 శాతమే తేలింది. చిన్న తేడాలైతే పూర్తిగా దాగిపోతాయి. అందుకే రిపోర్టులో సీఎస్‌పీ ఒక్కటే రాస్తే నేను తీసుకోను. కౌంట్, బలం విడిగా చూడాలి.

మీటరు, ఉప్పు సీసా

మిల్లు ల్యాబ్ గోడ మీద ఆర్‌హెచ్ చూపే డయల్ హైగ్రోమీటర్ 65 చూపిస్తోంది. రోజూ రెండుసార్లు రిజిస్టర్‌లో రాస్తున్నారు, నెలల తరబడి 64, 65, 66. అంత శ్రద్ధగా రాసిన గదిలో తెంపిన నూలుకు 8.8 రీగెయిన్ ఎలా వచ్చిందన్నది తేలాలి.

దీనికి పెద్ద పరికరం అక్కర్లేదు. వెడల్పు మూతి సీసా అడుగున కల్లుప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంత నీళ్లు మాత్రం కలపాలి. ఉప్పు కరిగిపోకూడదు, కరగని పలుకులు కనిపిస్తూ ఉండాలి. మీటరు ఆ తడికి తగలకుండా లోపల వేలాడదీసి, గాలి చొరకుండా మూత పెట్టి, వేడి మారని చోట రాత్రంతా వదిలేయాలి. సంతృప్త ఉప్పు ద్రావణం మీది గాలి 75 శాతం దగ్గర నిలుస్తుంది. 25 డిగ్రీలైనా 30 డిగ్రీలైనా దాదాపు అంతే. తెల్లారి చూస్తే మిల్లు మీటరు 66 చూపిస్తోంది, 9 పాయింట్లు తక్కువ. మెగ్నీషియం క్లోరైడ్‌తో ఇలాగే చేస్తే లోపల 33 శాతం ఉండాలి, మీటరు 31 చూపింది. అంటే పొడి గాలిలో దాదాపు సరిగ్గానే ఉండి, తేమ పెరిగేకొద్దీ ఎక్కువ తప్పు చెబుతోంది. ఒకే సీసాతో సరిపెట్టుకుని అంకెకు 9 కలిపేస్తే ఇంకో చోట తప్పు పడేది. కనీసం రెండు ఉప్పులతో చూడమని అందుకే చెబుతాను.

మీటరు 65 చూపించేదాకా గాలికి తేమ చేర్చే హ్యుమిడిఫైయర్ నడుపుతున్నారు కాబట్టి గది నిజంగా ఉన్నది 74 దగ్గర. దానికి తోడు శాంపిల్ కోన్లు ఆవిరి ప్లాంట్‌లోంచి వచ్చినవి. ఈ రెండోది మొదటిదానికన్నా లోతైన విషయం. పత్తి తేమ దిగుతూ వచ్చి 65 దగ్గర ఆగినప్పుడు పట్టుకునే నీరు, పొడి వైపు నుంచి ఎక్కుతూ వచ్చి అదే 65 దగ్గర ఆగినప్పటి నీటికన్నా ఎక్కువ ఉంటుంది. రీగెయిన్‌లో తేడా సుమారు ఒక శాతం వరకు ఉండొచ్చు. మాంచెస్టర్‌లోని షిర్లీ ఇన్‌స్టిట్యూట్‌లో అర్కహార్ట్, విలియమ్స్ 1920లలోనే దీన్ని కొలిచి గీతలు గీసి పెట్టారు. గది ఎంత కచ్చితంగా 65లో ఉన్నా, శాంపిల్ ఏ వైపు నుంచి వచ్చిందో తెలియకపోతే కొలత సగమే అయినట్టు.

అవతలి ల్యాబ్‌లో మీటరు ఉప్పు సీసాలో నెగ్గింది. అక్కడ గదికి స్ప్లిట్ ఏసీ ఉంది, 24 డిగ్రీల మీద పెట్టి రోజంతా నడుపుతారు. ఏసీ గాలిని చల్లబరుస్తూ నీటిని గొట్టంలోంచి బయటికి పంపేస్తుంది. తిరిగి తేమ చేర్చే ఏర్పాటు లేదు. మధ్యాహ్నానికి ఆర్‌హెచ్ 48, 50 మధ్య. రిపోర్టులో ఉష్ణోగ్రత గడి ఉంది, ఆర్‌హెచ్ గడి లేదు. చల్లగా ఉంటే గది ప్రమాణంలో ఉన్నట్టేనన్న నమ్మకం చాలా ల్యాబుల్లో చూశాను.

బరువు సంగతి చిన్నదే. 8.8 రీగెయిన్‌తో ప్యాక్ అయిన కోన్లు వేసవి లారీ ప్రయాణం తర్వాత 8.1కి దిగాయి. 10 టన్నులకు ఆ 64 కేజీలు అదే. పోయింది నీరు, పత్తి కాదు.

షెడ్డులో మరో తప్పు బయటపడింది, అది కూడా చెప్పాలి. రింగ్ ఫ్రేమ్ విభాగంలో తడి బల్బు, పొడి బల్బు థర్మామీటర్లు వాడుతున్నారు. తడి గుడ్డ చుట్టిన బల్బు ఎంత చల్లబడిందో చూసి ఆర్‌హెచ్ తేలుస్తారు. బోరు నీళ్లు పోయడం వల్ల తడి బల్బు గుడ్డ మీద తెల్లటి సున్నం పేరుకుంది. గుడ్డ గట్టిపడితే నీరు సరిగ్గా ఆవిరవదు, బల్బు పూర్తిగా చల్లబడదు. పొడి బల్బు 32 ఉన్నప్పుడు తడి బల్బు 24 చూపవలసింది 25 చూపితే, 51 శాతం ఉన్న షెడ్డు 56 అయినట్టు తేలుతుంది. ఆ ఒక్క డిగ్రీ కారణంగా షెడ్డును పొడిగా నడిపారు, దారాలు తెగడం ఎక్కువైంది. గుడ్డ మార్చి డిస్టిల్డ్ వాటర్ పోయడం మొదలుపెట్టాక అక్కడి ఫిట్టర్లే తేడా ఉందన్నారు.

పని చేసినవి

రెండు వైపులవారినీ కూర్చోబెట్టి ఒకే పద్ధతి రాయించాను. లీలను ముందే చుట్టి, 50 డిగ్రీల గాలిలో కొన్ని గంటలు ఆరబెట్టాలి. 27 డిగ్రీలు, 65 శాతం గాలిని 50కి వేడిచేస్తే ఆర్‌హెచ్ 19కి పడుతుంది, కాబట్టి మామూలు ఓవెన్ చాలు. తర్వాత ప్రమాణ గదిలో విడివిడిగా వేలాడదీయాలి. రెండు గంటలకోసారి తూచి, తేడా 0.25 శాతానికి లోబడితే సమస్థితికి వచ్చినట్టు. 1.6 గ్రాముల లీకి అది 4 మిల్లీగ్రాములు. కోనును అలాగే గదిలో పెట్టి తెల్లారి టెస్టు చేయడం ఇద్దరిదీ అలవాటు. కోను లోపలి పొరలకు ఒక్క రాత్రిలో ఏమీ అందదు, అందుకే లీగా చుట్టాకే ఆరబెట్టమన్నాను.

మిల్లు ల్యాబ్‌లో కొత్త మీటరు పెట్టి, హ్యుమిడిఫైయర్‌ను దానంతట అదే ఆగి నడిచేలా హ్యుమిడిస్టాట్‌కు కలిపారు. అవతలివారు ఏసీతో పాటు ఒక హ్యుమిడిఫైయర్ పెట్టుకున్నారు. ఇద్దరి రిపోర్టుల్లోనూ ఆర్‌హెచ్, లీ రీగెయిన్ గడులు వచ్చాయి. బిల్లును ఎండు బరువుకు 8.5 శాతం కలిపి వేయాలని తీర్మానించుకున్నారు. మిల్లులో వాడే ఎలక్ట్రికల్ ప్రోబ్ మొత్తం బరువులో తేమ శాతం చూపిస్తుంది. 8.5 రీగెయిన్ అక్కడ 7.8గా కనిపిస్తుంది. ఆ మార్పు పట్టికను ప్రోబ్ పక్కనే అతికించాం. ట్విస్ట్ 3.6కి వెనక్కి వచ్చింది. ఆవిరి సమయం పాత చోటికి వచ్చింది, కోన్లు చల్లారాకే ప్యాకింగ్.

ఇలా దాచిన కోన్లను మళ్లీ టెస్టు చేస్తే రెండు ల్యాబులూ దగ్గరగా వచ్చాయి: కౌంట్ 40.5, బలం 63.4, సీఎస్‌పీ 2568. అప్పటి రీగెయిన్ 7.2. లాట్ పాసయింది, డిస్కౌంట్ మాట పోయింది.

ఈ అంకె మిల్లుకు మంచి వార్త కాదని ఆ రోజే చెప్పాను. 2653 అనుకున్నప్పుడు కనీసం కన్నా 103 పాయింట్లు పైన ఉన్నట్టు. నిజంగా ఉన్నది 18. ఆ లేని 85 పాయింట్ల ధీమాతోనే అంతకుముందు కొన్ని నెలలుగా మిక్సింగ్‌లో కాస్త చవక పత్తి కలపనిచ్చారు. గదిలో అదనపు తేమ ఇచ్చిన బలాన్ని పత్తి బలంగా లెక్కేసుకున్నారు. మిక్సింగ్‌ను మళ్లీ సరిచేసుకోవాల్సి వచ్చింది, కేజీకి ఖర్చు పెరిగింది. దీని మీద మేనేజ్‌మెంట్‌తో జరిగిన చర్చే ఈ పని మొత్తంలో కష్టమైనది. కంప్లయింట్ రాకపోయి ఉంటే అలాగే కొనసాగేది కదా అన్నారు. నిజమే, ఒక పొడి గదిలో ఎవరో తెంపి చూసేదాకా కొనసాగేది.

దీన్నుంచి తీసుకున్నవి

రెండు ల్యాబులు ఒకే దిశలో, ఒకే దూరంలో ఎప్పుడూ విడిగా ఉంటున్నాయంటే ప్రాసెస్‌ను ముట్టుకోకూడదు. ఈ కేసులో బేళ్లు, ట్విస్ట్, ఆవిరి అన్నీ కదిలాయి, కదపవలసినవి మాత్రం రెండు గదులు. తేమతో పని లేని నమూనాను పక్కన పెట్టుకుని టెస్టు చేయడం ఇప్పుడు నా మొదటి అడుగు. నూలుకు పాలిస్టర్ ఆ పని చేసింది.

రిజిస్టర్‌లో అంకె ఎప్పుడూ కదలకుండా ఉంటే నాకు అనుమానం వస్తుంది. పల్నాడు వేసవిలో బయట మధ్యాహ్నం 40 దాటి పొడి గాలి వీస్తుంటే, వానాకాలంలో గోడలు చెమర్చుతుంటే, ఏడాదంతా 65 చూపించే డయల్‌ను ఒకసారి ఉప్పు సీసాలో పెట్టి చూడాలి. కిలో ఉప్పుతో అయ్యే పని.

కౌంట్‌ను రీగెయిన్‌తో సరిచేయవచ్చు, అది వట్టి బరువు లెక్క. బలాన్ని అలా సరిచేయడానికి మాత్రం నేను ఒప్పుకోను. పుస్తకాల్లో సవరణ గుణకాలు దొరుకుతాయి. కానీ పత్తి రకం, ట్విస్ట్, కోంబింగ్ మారితే తేమకు బలం స్పందించే తీరూ మారుతుంది. ఈ నూలులోనే 6.3 నుంచి 7.2కి వచ్చేటప్పుడు పెరిగిన జోరు, 7.2 నుంచి 8.8కి వెళ్లేటప్పుడు లేదు.

తెగని ముడి వానాకాలంలో ఎదురైంది. బయట ఆర్‌హెచ్ 85 దాటిన రోజుల్లో మిల్లు ల్యాబ్ ఏసీ గదిని 70కి కిందికి తేలేకపోయింది. చల్లబరిచి నీరు తీసి, మళ్లీ కొద్దిగా వేడిచేసే ఏర్పాటు కావాలి, దానికి ఆ ఏడాది డబ్బు కేటాయించలేదు. అప్పటిదాకా వాళ్ల సొంత 40ల నూలునే వేరువేరు తేమల్లో తెంపి, రీగెయిన్‌కు ఎదురుగా బలం గీత గీసుకోమన్నాను. ఆ గీతను ఈ మిక్సింగ్‌కే వాడాలి, మిక్సింగ్ మారితే మళ్లీ గీయాలి. కొన్నవారు దాన్ని తాత్కాలికంగా ఒప్పుకున్నారు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా వెళ్లే లాట్ల రిపోర్టుల మీద గది ఆర్‌హెచ్ పక్కనే "గీత ప్రకారం సవరించినది" అని రాయాలన్నది వాళ్ల షరతు.